అరవయ్యో మెట్టు

పల్లావరం దాటాక రైలు పట్టాలకు దగ్గరగా ఉంటుంది మాదయ్య కూతురు వాసంతి వాళ్ళు అద్దెకున్న ఇల్లు. మేడ ఎక్కితే ఒక పక్క విమానాలు దిగడం కనబడుతుంది, ఇంకో పక్క గంగమ్మ గుట్ట. అర్ధసంవత్సర పరీక్షల సెలవుల్లో మనవరాళ్ళ దగ్గర పది రోజులు ఉందామని మాధవరం నుంచి వచ్చిన మాదయ్య, పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని మేడ మీదికి పోయేవాడు. కుర్చీ మాత్రం ఎప్పుడూ విమానాల వైపే వేసుకునేవాడు.

పెద్ద మనవరాలు హైందవికి ఏడేళ్ళు. దానికి విమానాలు ఎప్పుడో పాతబడ్డాయి.

“తాతా, ఆ గుట్టెక్కుదాం పా,” అంది వచ్చిన రోజే.

“రేపు జూకి పోదాం. ఆడ పులి ఉంటుంది,” అన్నాడు మాదయ్య.

జూ అయింది. మర్నాడు మళ్ళీ గుట్ట మాట వస్తే సముద్రానికి తీసుకుపోయాడు. ఆ మర్నాడు రైలెక్కించి మైలాపూరు చూపించి, తలా ఒక బొమ్మ కొనిపెట్టి తీసుకొచ్చాడు. నాలుగో రోజుకు చూపించడానికి ఇంకేమీ మిగల్లేదు.

“తాతకు గుట్టంటే భయం,” అని తేల్చేసింది నాలుగేళ్ళ సింధూరి.

“రాయి కొట్టేవాడికి గుట్టంటే భయమేందే!” అంటూ మాదయ్య భార్య సీతాదేవి వంటింట్లోంచి నవ్వింది. “ఏందో మరి, మాధవరంలో కాపురం పెట్టినకాడి నుంచీ ఆ గుట్ట ముఖం చూడ్లా మీ తాత. జాతరకు పిలిచినా ఏదో ఒక సాకు. ఈసారైనా తీసకపోవయ్యా. చింతపండు పులిసోరు కలిపిస్తా.”

మాదయ్య గడ్డం గోక్కున్నాడు. వారం లెక్క చూసుకున్నాడు. రేపు బుధవారం. ఒకప్పుడు తనతో పనిచేసిన మునిస్వామి శుక్రవారం, ఆదివారం మాత్రమే గుట్ట మీదికి వస్తాడని ఎవరో చెప్పగా విన్నాడు.

“సరి, రేపు పోదాం,” అన్నాడు.

మాదయ్య ఆ గుట్టకు దూరంగా ఉండడానికి కారణం ఒక మెట్టు. కింది నుంచి లెక్కపెడితే అరవయ్యోది.

ఆ గుట్ట అంతా ఒకటే నల్లబండ. మెట్లు ఎక్కడి నుంచో తెచ్చి పేర్చినవి కావు, బండలోనే చెక్కినవి. ముప్పై ఏడేళ్ళ కిందట, చుట్టుపక్కల క్వారీలన్నీ జోరుగా నడిచే రోజుల్లో, రాయి కొట్టే తెలుగువాళ్ళంతా కలిసి తమ గంగమ్మ గుడికి మెట్లు వేసుకున్నారు. పెరుమాళ్ మేస్త్రీ రెండు జట్లు కట్టాడు. కింది నుంచి అరవై మెట్లు కొట్టుకుంటూ వచ్చేది ఒక జట్టు. పై నుంచి యాభై రెండు మెట్లు దిగుతూ వచ్చేది ఇంకో జట్టు. రెండూ నడిమి మంటపం బండ దగ్గర కలవాలి. కింది జట్టులో కొలత పట్టినవాడు మాదయ్య. అప్పుడతనికి ఇరవై నాలుగేళ్ళు. పై జట్టులో కొలత పట్టినవాడు మునిస్వామి, ఓ ఏడేళ్ళు పెద్దవాడు.

కొలత అంటే పెద్ద విద్యేమీ కాదు. అడుగున్నర సరుగుడు కర్ర. కింది కొస నుంచి సరిగ్గా ఏడంగుళాల దగ్గర ఒక గంటు. కొట్టిన మెట్టు మీద కర్రను నిలబెడితే ఆ గంటు ఎక్కడికి వస్తుందో తర్వాతి మెట్టు అంత ఎత్తు. రోజూ పని మొదలుపెట్టే ముందు ఆ కర్రను ఇనుప స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోవాలి, ఎందుకంటే రాయి మీద ఆనించి ఆనించి కొస అరుగుతుంది. మునిస్వామి తన కర్ర కొసకు రోకలికి వేసినట్టు ఇనుప పొన్ను వేయించుకున్నాడు. మాదయ్యకు ఆ ఓపిక లేదు. మొదటి రోజు ఒకసారి స్కేలుతో చూశాడు. తర్వాత పన్నెండు రోజులు చూడలేదు.

మెట్టు మెట్టుకూ తేడా వెంట్రుకంతే. అరవై మెట్లకు అది నాలుగంగుళాలైంది. చివరికి రెండు జట్లు కలిసేచోట, మంటపం బండ మీదికి ఎక్కే మెట్టు ఏడంగుళాలకు బదులు పదకొండు అంగుళాలు తేలింది. కలవాల్సినచోట గీసిన సున్నం గీత అంతకుముందే వానకు కొట్టుకుపోయింది. తప్పు ఎవరిదో చెప్పడానికి సాక్ష్యం లేదు. ఎల్లుండి జాతర.

అందరి ముందూ పెరుమాళ్ మేస్త్రీ అడిగాడు: “కర్ర దినామూ స్కేలుతో చూసినావా మాదయ్యా?”

“చూసినా మామా.”

ఆ ఒక్క మాట నోట్లోంచి ఎలా వచ్చిందో మాదయ్యకు ఇప్పటికీ తెలియదు. మునిస్వామి వాదించలేదు. “మాదయ్య చూసినా అన్నాడంటే చూసుంటాడు. నేను మట్టం చూసిన నీళ్ళ గొట్టంలోనే గాలి బుడగ ఉండిందేమో,” అన్నాడు. ఆ సాయంత్రం మాదయ్య చాటుగా కర్రను స్కేలు పక్కన పెట్టి చూసుకున్నాడు. రెండు రూపాయి బిళ్ళల మందం అరిగి ఉంది. అయినా నోరు తెరవలేదు. ఆ తర్వాత పెరుమాళ్ మేస్త్రీ మునిస్వామి చేతికి ఎప్పుడూ కొలత ఇవ్వలేదు. అంత మంచి పనివాడు క్వారీలు మూసేదాకా సమ్మెట కొడుతూనే ఉండిపోయాడు.

మాదయ్య మాధవరం వెళ్ళిపోయి, వీధి వీధి తిరిగి, అరిగిన రోళ్ళకు గరుకు వచ్చేట్టు కక్కు కొట్టాడు. ఆ తర్వాత గ్రానైట్ పలకలు కోసి వంటిళ్ళలో బిగించే పనిలో స్థిరపడ్డాడు. రోజూ పొద్దున టేపును ఇనుప స్కేలు మీద పరిచి సరిచూసుకున్నాకే పనికి పోతాడు. పనివాళ్ళు దానికి ‘మేస్త్రీ పూజ’ అని పేరు పెట్టి నవ్వుకుంటారు. నవ్వనీ అనుకుంటాడు.

బుధవారం పొద్దున ఆరుంపావుకు ముగ్గురూ బయల్దేరారు. మార్గశిరం చలి, దారంతా ముగ్గులు. ఒక సంచిలో పులిసోరు, రెండు నీళ్ళ సీసాలు, తువ్వాలు. ఇంకో చిన్న గుడ్డసంచిలో స్కేలు, సుత్తి, రెండు ఉలులు. అది లేకుండా మాదయ్య టీ తాగడానికి కూడా పోడు. సరుగుడు కర్ర ఆ సంచిలోనే ముప్పై ఏడేళ్ళుగా ఉంది. దాన్ని పారేయడానికి మనసొప్పలేదు, దాంతో కొలవడానికీ మనసొప్పలేదు. రెండు రోజుల కిందట హైందవి సంచిలో చెయ్యి పెట్టి దాన్ని లాక్కుంది. అప్పటి నుంచి వాళ్ళ నాన్న బూట్లు, ఇంట్లో గడపలు, పిల్లి తోక అన్నీ కొలిచేసింది.

“అది ఇంట్లో పెట్టి రామ్మా,” అన్నాడు మాదయ్య గేటు దగ్గర.

“పో తాతా! గుట్టను కొలవొద్దా?” అంది హైందవి.

పిల్లలతో గుట్ట ఎక్కడానికి మాదయ్య పద్ధతులు మాదయ్యకున్నాయి. అందరికంటే చిన్నది ముందు నడవాలి, దాని అడుగే అందరి అడుగు. పెద్దవాడు వెనక, పడితే పట్టుకునేటంత దూరంలో. దాహం అనకముందే నీళ్ళు తాగించాలి. కాళ్ళనొప్పి అనకముందే కూర్చోబెట్టాలి. ‘ఇంకా ఎంత దూరం’ అని అడిగితే గుడి చూపించకూడదు, పది మెట్ల అవతల ఉన్న దేన్నైనా చూపించాలి.

“ఇంకా ఎంత దూరం తాతా?” అంది సింధూరి ఎనిమిదో మెట్టు మీదే.

“అదో, ఆ తొండ ఉండేదాకా.”

తొండ దగ్గరికి పోయేసరికి అది తల ఊపి ఇంకో రాతి మీదికి పారిపోయింది. “పోయిందే!” అని సింధూరి వెంటపడి ఆరు మెట్లు ఎక్కింది, ఎక్కానని తనకే తెలియకుండా. ఒకచోట పగులులో తెల్లటి పలుగురాయి మెరుస్తుంటే ఇద్దరూ దాని ముందు కూర్చుండిపోయారు. మాదయ్య తొందరపెట్టలేదు. బండ ఎక్కడ పగులుతుందో, ఆ పగులు ముందే ఎలా కనిపెట్టాలో, ఉలి దెబ్బకు మంచి రాయి గంటలా ఎలా మోగుతుందో చెప్పి, సుత్తితో రెండు చోట్ల తట్టి వినిపించాడు. ఒకటి ఖంగుమంది, ఒకటి బొదబొదమంది.

“ఇది ఇడ్లీ రాయి!” అంది సింధూరి రెండోదాన్ని చూపించి.

“ఆమా, ఇడ్లీ రాయే. దాని జోలికి పోకూడదు.”

అప్పుడే ఒక విమానం నెత్తి మీదుగా దిగింది. కడుపు, చక్రాలు అన్నీ కనబడేటంత కిందికి. పిల్లలిద్దరూ చెవులు మూసుకుని కేకలు పెట్టారు. అది వెళ్ళిపోయాక సింధూరి మెట్ల లెక్క మర్చిపోయి, “ట్వెల్వ్, ట్వెల్వ్, ట్వెల్వ్” అంటూ ఎక్కసాగింది.

హైందవి లెక్క మాత్రం తప్పలేదు. ప్రతి మెట్టు మీదా కర్రను నిలబెట్టి, గంటు దగ్గర వేలు పెట్టి, ఒంటికన్ను మూసి చూస్తోంది. ఆ కర్ర దేనికో, గంటు దేనికో ఎవరూ దానికి చెప్పలేదు. వంగిన ఆ నడుము, ఆ ఒంటికన్ను చూస్తుంటే మాదయ్యకు నవ్వొచ్చింది.

“తాతా, ఈ కర్ర పొట్టిగా ఉండాది. మెట్టు అంచు గంటు కన్నా పైకి పోతా ఉంది,” అంది ఇరవై రెండో మెట్టు దగ్గర.

“పాత కర్ర గదమ్మా. నీళ్ళు తాగు.”

నలభై ఆరో మెట్టు దగ్గర మళ్ళీ పిలిచింది. “ఇప్పుడు కొంచెమే తేడా. మెట్టే పొట్టిగైపోతా ఉండాది తాతా!”

మాదయ్య పక్కనున్న బండ మీద కూలబడ్డాడు. కాళ్ళనొప్పి అని పిల్లలనుకున్నారు. సింధూరి తన సీసా మూత తీసి తాతకు నీళ్ళు ఇచ్చింది. ముప్పై ఏడేళ్ళలో ఏ మేస్త్రీ చూడనిది ఏడేళ్ళ పిల్ల ఆటలో చూసేసింది. పైన మునిస్వామి లేకపోతే ఈ మాట ఇక్కడితో పోతుంది. బుధవారం కదా, ఉండడు. ఉండకూడదు. లేచి నడిచాడు.

యాభై ఐదో మెట్టు దాకా వచ్చేసరికి పైనుంచి ఒక గొంతు వినబడింది.

“మెల్లగా రా బుజ్జమ్మా. ఈడ ఎత్తు. కాలు బాగా పైకెత్తాల.”

అరవయ్యో మెట్టు పక్కన, మడిచిన గోనెసంచి మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఎముకల గూడులాంటి పెద్ద ఒళ్ళు, మోకాలికి కట్టు, కళ్ళకు సోడాబుడ్డి అద్దాలు. మెట్టు నుదుటికి పసుపు పూసి మూడు కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. కిందికి దిగుతున్న ఒక ఆడమనిషి ఆయన చేయి పట్టుకుని ఆ మెట్టు దిగి, దాన్ని కళ్ళకద్దుకుని వెళ్ళింది.

మునిస్వామే. మాదయ్య కాళ్ళు యాభై ఆరు మీద ఆగిపోయాయి. వెనక్కి తిరిగి ‘పిల్లకు కడుపునొప్పి’ అని దిగిపోవచ్చు. సింధూరి అప్పటికే పైకి పోయింది.

“చెయ్యి ఈ పాపా.”

“నేనే ఎక్కతా,” అంది సింధూరి. మెట్టు దాని మోకాలు దాటి ఉంది. ఒక కాలు పెట్టింది, జారింది, బోర్లా పడింది. దెబ్బేమీ తగల్లేదు. కానీ ఏడవాలా వద్దా అని తాత ముఖం చూసింది.

“పడ్లేదమ్మా నువ్వు,” అన్నాడు మునిస్వామి దాన్ని లేపుతూ. “అమ్మకు దండం పెట్టినావు. ఈడికొస్తే పెద్ద పెద్ద ఆఫీసర్లే వంగి పోవాల. వంగే మెట్టు అని పేరు దీనికి.”

“ఎవరు పెట్టినారు పేరు?” అడిగింది హైందవి.

“నేనే పెట్టినా. కొట్టేటప్పుడు తప్పు జరిగింది. జనం తూలి పడతా ఉంటే చూడలేక, పసుపు పూసి బొట్టు పెట్టినా. బొట్టు చూస్తే ఎవరైనా నిదానంగా అడుగేస్తారు గదా? ఒగటి రెండేండ్లలో అదే మొక్కైపోయింది. నా తప్పుకి అమ్మ పేరు పెట్టేసినా.” నవ్వాడు. పళ్ళు సగమే ఉన్నాయి. “ముందు ఆదివారం, శుక్రవారం వచ్చేవాణ్ణి. ఇంట్లో ఊరికే ఏం చేస్తా? ఇప్పుడు దినామూ వస్తా ఉండా.”

ఆ ‘నా తప్పు’ అన్న మాట మాదయ్య చెవిలో ఉలి దెబ్బలా పడింది. ఆ ఎత్తు మెట్టు కిందిదాకా మిగతా మూడు మెట్లూ ఎక్కి గుడ్డసంచి కింద పెట్టాడు. సంచిలో ఉలులు గలగలమన్నాయి. ఆ చప్పుడుకు ముసలాయన తల ఎత్తాడు. అద్దాలు సర్దుకుని చూశాడు.

“ఎవురది... మాదయ్యా?”

“నేనే అన్నా.”

“ఓరి నీ! ఎన్నేండ్లైందిరా! చచ్చినావో బతికినావో అనుకున్నా. రా, రా, కూర్చో. నీ కూతురి బిడ్డలా? బాగుండారబ్బా. పాపా, తెలుసునా మీకు? కింద మెట్లన్నీ మీ తాతే కొలిచి కొట్టించినాడు. ఒగటైనా వంకర లేదు చూడండి. తప్పిందంతా నా కాడే.”

హైందవి కర్ర పట్టుకుని ముందుకొచ్చింది. “లేదు తాతా. కింద మెట్లు కూడా...”

“హైందవీ, ఆగమ్మా,” అన్నాడు మాదయ్య. “నేను చెప్పాల ఆ మాట. ఆ కర్ర ఇట్లా ఈ.”

గోనెసంచి పక్కన బండ మీద స్కేలు పరిచాడు. దాని పక్కన సరుగుడు కర్ర పెట్టాడు, గంటుకు ఏడో అంగుళం గీత సరిపోయేట్టు. కింది కొస స్కేలు కొసను అందలేదు. మునిస్వామి వేలు పట్టుకుని ఆ ఖాళీలో బొటనవేలి గోరు పెట్టించాడు.

“ఇది ఆ కర్రే అన్నా. మొదటి దినం తప్ప నేను స్కేలుతో చూడ్లా. పెరుమాళ్ మామ అడిగితే చూసినా అని అబద్ధం చెప్పినా. నీ గొట్టంలో బుడగా లేదు ఏమీ లేదు. తప్పు నాది.”

మునిస్వామి కర్ర మీదికి వంగాడు. గోరు ఆ సందులో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

“ఎన్ని దినాలు చూడ్లా?”

“పన్నెండు.”

“పన్నెండు... అరవై మెట్లు...” పెదాలు కదిలాయి. లెక్క వేస్తున్నాడు. “నాలుగంగుళాలు,” అన్నాడు చివరికి, మెల్లగా. “సరిగ్గా నాలుగు.”

పైనుంచి ఇంకో విమానం పోయింది. ఈసారి పిల్లలు కేకలు పెట్టలేదు.

“ముప్పై ఏడేండ్లు నేను నా గొట్టాన్ని నమ్మలేదురా,” అన్నాడు మునిస్వామి. “ఇంట్లో నా బిడ్డ గోడ కట్టుకుంటా ఉంటే, నాయనా ఒకసారి మట్టం చూడు అంటే, చూడనన్నా. నా చేతికి మట్టం తెలీదేమో అనుకున్నా.” కర్రను, స్కేలును తన ఒళ్ళో పెట్టుకున్నాడు. “నీ బిడ్డల ముందర తిట్టకూడదని ఊరుకుంటా ఉండా. పైకి పో. అమ్మను చూసి రా. నేను ఈడ కొంచేపు ఒక్కణ్ణే కూర్చోవాల.”

మాదయ్య పిల్లల్ని ఎత్తి ఒక్కొక్కరినీ మంటపం బండ మీద దింపాడు. మిగతా యాభై రెండు మెట్లూ మునిస్వామి జట్టు కొట్టినవి. ఎక్కుతుంటే కాలికి తెలిసింది. ఒక్కటైనా ఎక్కువ కాదు, తక్కువ కాదు. కళ్ళు మూసుకుని ఎక్కొచ్చు. సింధూరి తొండ లేకుండానే ఎక్కేసింది.

“తాతా, నువ్వు అబద్ధం చెప్పినావా?” అంది హైందవి పైకి వచ్చాక.

“ఆమా.”

“అప్పుడు నీకెంత వయసు?”

“పెద్దోణ్ణే.”

“మా మిస్ అయితే బెంచీ ఎక్కిస్తుంది,” అంది. ఆ మాటతో దాని విచారణ ముగిసింది.

గుడి చిన్నది. గంగమ్మకు దండం పెట్టుకుని పడమటి వైపు నీడలో కూర్చున్నారు. మంచు విడిపోతోంది. కింద విమానాలు దిగే దారి పొడుగాటి బూడిదరంగు చాపలా పరుచుకుని ఉంది. రైలు ఒకటి నింపాదిగా పోతోంది. ఇద్దరూ తమ ఇల్లు వెతికారు. నీళ్ళ ట్యాంకు, పక్కన జామచెట్టు, మేడ మీద నీలం చీర ఆరేసి ఉంది. “అవ్వ చీర! అవ్వ చీర!” అని సింధూరి చేతులూపింది. పులిసోరు తిన్నారు. వేరుశెనగ పప్పులు ఏరి ఏరి ముందే తినేసి, అన్నం తాత వైపు తోశారు. చెప్పాక బరువు తగ్గుతుందని అతను అనుకున్నాడు. తగ్గలేదు, చేతులు మారింది. ఇప్పుడది కింద గోనెసంచి మీద కూర్చున్న మనిషి ఒళ్ళో ఉంది.

దిగేటప్పుడు పద్ధతి వేరు. పెద్దవాడు ముందు, పిల్లలు వెనక. మంటపం బండ దగ్గరికి వచ్చేసరికి గోనెసంచి ఉంది, మనిషి లేడు. స్కేలూ, కర్రా లేవు. మాదయ్య చుట్టూ చూశాడు. సింధూరిని వెనక్కి తిప్పి, నిచ్చెన దిగినట్టు ఆ ఎత్తు మెట్టు దింపాడు.

“అదో తాత!” అని హైందవి కింద చూపించింది.

ముప్పై నాలుగో మెట్టు మీద మునిస్వామి కట్టు కట్టిన మోకాలు చాపుకుని కూర్చుని, స్కేలు నిలబెట్టి చూస్తున్నాడు. మెట్టు మెట్టు కొలుచుకుంటూ అక్కడిదాకా దిగిపోయాడు. చేతిలో సుద్దముక్క. ప్రతి మెట్టు పక్కనా ఒక గీత.

“నలభై దాటినాక బాగా అరిగుండాది కర్ర,” అన్నాడు తల ఎత్తకుండా. “ఆడ రాయి గట్టి. నీ కర్ర మెత్తన. పొన్ను వేయించుకోరా అని ఆ దినమే చెప్పినా నీకు. విన్నావా?”

“వినలా అన్నా.”

“నీకు చెవులు ముందు నుంచే లేవు.” స్కేలుకు అంటిన సుద్ద తుడిచి, కర్రతో పాటు తిరిగి ఇచ్చాడు. తిడతాడనే అనుకున్నాడు మాదయ్య. “ఉలి తెచ్చినావా?”

“తెచ్చినా.”

“అయితే చేతులు కట్టుకోని ఎందుకు నిలబడుండావు? అరవై మెట్లూ మళ్ళీ కొట్టలేం, ఈ వయసులో. పైన మంటపం బండ వెడల్పు ఉండాది గదా. ఒక పక్క రెండడుగుల మేర లోపలికి తవ్వి, నడిమిన ఒక అరమెట్టు ఇయ్యొచ్చు. ఇంకో పక్క అట్లే ఉండనీ. దండం పెట్టుకునేవాళ్ళ పొట్ట కొట్టకూడదు. పూజారితో నేను మాట్లాడతా. బుజ్జమ్మా, నువ్వు రా. నీ కాలు ఎంత లేస్తుందో చూపించు.”

నలుగురూ మళ్ళీ పైకి పోయారు. సింధూరి పక్క బండకు చేయి ఆనించకుండా, తూలకుండా, సులువుగా ఎంత ఎత్తు కాలు పెట్టగలదో పెట్టి చూపించింది. మునిస్వామి దాని పాదం కింద సుద్దతో గీత గీశాడు. మాదయ్య కొలిచాడు. అయిదున్నర అంగుళాలు. పదకొండులో సరిగ్గా సగం.

“మళ్ళీ కొలు,” అన్నాడు మునిస్వామి.

మాదయ్య మళ్ళీ కొలిచాడు.

పని మూడు పొద్దులు పట్టింది. గురువారం తెల్లవారగానే మునిస్వామి తన పాత నీళ్ళ గొట్టం తెచ్చాడు. ముప్పై ఏడేళ్ళు అటక మీద పడి ఉండి పసుపురంగుకు తిరిగింది. కొత్తది కొందామని మాదయ్య అనబోయి ఆగిపోయాడు. ముసలాయన దాన్లో నీళ్ళు పోసి, రెండు కొసలూ పట్టుకుని, బుడగ లేకుండా తట్టి తట్టి చూసి, మట్టం గీత తనే గీశాడు. గీత ఎక్కడా వంకరపోలేదు. కూర్చుని ఉలి పట్టింది మాదయ్య. కూర్చుని తిట్టింది మునిస్వామి. పిల్లలిద్దరూ మంటపం బండ మీద పలుగురాళ్ళతో ఇళ్ళు కట్టుకున్నారు, సుత్తి దెబ్బలు లెక్కపెట్టారు, తొండలకు పేర్లు పెట్టారు.

వచ్చేపోయే భక్తులు ఆగి అడిగేవాళ్ళు. “ఏంది పెద్దాయనా, అమ్మ మెట్టును కొడతా ఉండారు?”

మునిస్వామి ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు గొంతెత్తేవాడు. “ఇదో, ఈ మాదయ్య చూడండి. ముప్పై ఏడేండ్ల కిందట కొలత చూడకుండా తప్పు కొట్టించింది వీడే. చూసినా అని అబద్ధం చెప్పింది వీడే. ఇప్పుడు సరిచేస్తా ఉండేదీ వీడే. అవునా కాదా మాదయ్యా?”

“ఆమా, నేనే,” అనేవాడు మాదయ్య, ఉలి ఆపకుండా.

మొదటిసారి అన్నప్పుడు చెవులు కాలాయి. మధ్యాహ్నానికి అలవాటైంది. శుక్రవారం జనం ఎక్కువ, యాభైసార్లు అని ఉంటాడు. ఒక్కోసారి మునిస్వామి అడగడం మర్చిపోతే మాదయ్యే గుర్తు చేశాడు. శుక్రవారం సాయంత్రం భోజనాల దగ్గర సీతాదేవికి, వాసంతికి కూడా చెప్పాడు. సీతాదేవి కంచాలన్నీ ఎత్తింది. తర్వాత, “ఆయన మోకాలికి నూనె ఇస్తా, రేపు తీసకపో,” అంది.

శనివారం పొద్దున అరమెట్టు అంచు నున్నగా చేసి, నీళ్ళు పోసి కడిగారు. కొత్తగా కోసిన రాయి పక్కనున్న పాతరాయి కంటే నల్లగా, తడిగా మెరిసింది.

“కింది నుంచి రండి, పోండి,” అని మునిస్వామి పిల్లల్ని తోలాడు. ఇద్దరూ మొదటి మెట్టు దాకా దిగి మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టారు. ముందు సింధూరి, వెనక హైందవి. ఇద్దరు ముసలివాళ్ళూ మంటపం బండ మీద గోనెసంచి పంచుకుని కూర్చుని చూస్తున్నారు. సింధూరి యాభై ఎనిమిది మీద ఉన్నప్పుడు నెత్తి మీదుగా విమానం వచ్చింది. సింధూరి తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని విమానం కడుపునే చూస్తూ యాభై తొమ్మిది ఎక్కింది, అరమెట్టు ఎక్కింది, మంటపం బండ మీదికి వచ్చేసింది. కిందికి ఒక్కసారి కూడా చూడలేదు.

“మెట్టు ఎట్లుండాది బుజ్జమ్మా?” అడిగాడు మునిస్వామి.

“ఏ మెట్టు?” అంది సింధూరి.

మునిస్వామి మాదయ్య తొడ మీద ఒక్క చరుపు చరిచాడు. గట్టిగానే తగిలింది. లేచి, గోనెసంచి దులిపి, మడిచి చంకలో పెట్టుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆ పొద్దు ఆయన అక్కడ కూర్చోకుండా పిల్లల వెనకాల గుడి దాకా ఎక్కాడు. మోకాలు నొప్పి పెడితే మాదయ్య భుజం పట్టుకున్నాడు. తన జట్టు కొట్టిన మెట్లు కాబట్టి, కింద చూసుకోవాల్సిన పని ఆయనకూ లేకపోయింది.